తొమ్మిది గంటల లెక్కల క్లాసు

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను అని రాయబోయి ఆగాను. బరువైతే నొప్పి తెలియాలి. నాకు నొప్పి లేదు. ఒకే పక్కకి తిరిగి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి, మనది కానట్టు పక్కన పడి ఉంటుంది చూడండి, అలా ఉంది. గిల్లినా తెలియదు. కానీ ఉందని తెలుసు.

నా పేరు చెప్పను. ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. స్కూలు పేరు కూడా చెప్పను, ఇందులో స్కూలు తప్పు లేదు. ఊళ్ళో ఎవరైనా చదివి ఫలానా మాస్టారేనని పట్టుకుంటే పట్టుకోనివ్వండి. ఆ పిల్ల పేరు మాత్రం మారుస్తున్నాను. స్వప్న అనుకోండి.

నేనెలాంటి మనిషినో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. నేను మర్చిపోను. స్టాఫ్ ఫోటో తీసినప్పుడు నన్ను అంచున నిలబెట్టి, ఫ్రేము కట్టించేటప్పుడు నా సగం భుజం కోసేసిన ఏడాది నాకు గుర్తు. గృహప్రవేశానికి అందర్నీ పిలిచి, నాకు మాత్రం శుభలేఖ బల్లమీద పెట్టి వెళ్ళిన సోషల్ మాస్టారు గుర్తు. సాగర్ రోడ్డు మీద చెయ్యెత్తినా ఆపకుండా పోయిన బస్సుల నంబర్లు రాసుకుని డిపోకి అర్జీలు పెట్టేవాణ్ణి. ఒక్కదానికీ జవాబు రాలేదు. అదీ గుర్తు. మా వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇక్కడివాళ్ళు ఎంత పెద్దవాణ్ణయినా 'నువ్వు' అంటారనీ, అందులో అమర్యాద ఏమీ లేదనీ నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ లెక్కపెట్టుకుంటాను. 'అండి' లేని ప్రతి మాటా నాలో ఎక్కడో ఒకచోట చేరి కూర్చుంటుంది.

కరోనా వచ్చి బళ్ళు మూసేశారు. ఆ ఎండాకాలమంతా ఇంట్లో కూర్చున్నాం. తర్వాత ఫోన్లోనే పాఠాలు చెప్పాలన్నారు. పదో తరగతికి పొద్దున తొమ్మిదింటికి నా క్లాసు. బోర్డు లేదు, చాక్‌పీసు లేదు. స్టూలు మీద రెండు స్టీలు డబ్బాలు పెట్టి, వాటి మధ్య ఫోను ఇరికించి, కింద కాగితం మీద లెక్క చేసి చూపించేవాణ్ణి. కాగితం కనపడితే నా మొహం కనపడదు, నా మొహం కనపడితే కాగితం కనపడదు. ఇరవై రెండేళ్ళు పిల్లల కళ్ళు చూసి పాఠం చెప్పినవాణ్ణి. ఏ పిల్లకి అర్థమయింది, ఏ పిల్లాడు అర్థమయినట్టు నటిస్తున్నాడు అని కళ్ళలోనే తెలిసేది. ఇక్కడ కళ్ళు లేవు. నల్లటి గళ్ళు, వాటి మీద పేర్లు. ఆ పేర్లు కూడా పిల్లలవి కావు, ఫోను ఎవరిదైతే వాళ్ళవి. 'శివ టెంట్ హౌస్'కి వర్గ సమీకరణాలు చెప్పాను. 'అమ్మ కొత్త నంబర్' నన్ను డౌటు అడిగింది. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ అప్పుడు గోడకి చెప్పినట్టే ఉండేది.

స్వప్న వాళ్ళ నాన్న సెంట్రింగు పని చేస్తాడు. ఊరి చుట్టూ వెంచర్లలో ఇళ్ళు లేస్తుంటాయి కదా, స్లాబులకి చెక్కలు కొట్టే పని. అతని పాత ఫోను పిల్లకిచ్చాడు. కాబట్టి నా తెర మీద స్వప్న పేరు 'భాస్కర్ సెంట్రింగ్'. వాళ్ళమ్మ ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్లో పనిచేసేది. ఆఫీసులు మూతపడి, కంపెనీ బస్సులు ఆగిపోయి, ఆమె ఇంట్లోనే ఉంది. ఆ ఇంట్లో పిల్ల క్లాసంటే తల్లి కూడా పక్కన కూర్చుని వినడమే.

రెండో వారంలో ఒకరోజు బహుపదులు చెబుతున్నాను. ఆ రోజు బాగా కుదిరిందని నాలో నేనే సంతోషపడ్డాను. ఇరవై నిమిషాలో, ఇంకా ఎక్కువో అయింది. ఉన్నట్టుండి ఫోన్లోంచి ఆడమనిషి గొంతు.

"ఓ సారూ! ఇందాకటి సంది మూకీ సినిమా చూపిస్తున్నవ్. చేతులు ఊపుడే గని మాట లేదు. గా మైకు మీద ఒత్తు జర!"

నేను మైకు మూసుకునే పాఠమంతా చెప్పాను. ముప్ఫై ఆరుగురు పిల్లలు చూస్తూ ఊరుకున్నారు, ఒక్కరూ చెప్పలేదు. చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆమె. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. తన మైకు ఆపడం మర్చిపోయి, పక్కనున్న కూతురితో అంది:

"ఈయనేనానే మీకు లెక్కలు చెప్పేది? ఫోనే ఒత్తరాదు, ఇగ లెక్కలేం చెప్తడు!"

ఒకటొకటిగా మైకులు తెరుచుకున్నాయి. నవ్వులు. పిల్లల నవ్వులే కాదు, వెనకాల తండ్రులు, నాయనమ్మలు, ఎవరింట్లోనో కుక్కర్ కూత. "సారీ, మళ్ళీ మొదలుపెడదాం" అన్నాను. నిజానికి ఆ పాఠం మళ్ళీ చెప్పలేకపోయాను. మధ్యాహ్నానికి ఎవరో ఆ ముక్క రికార్డు చేసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వు ఆపుకుంటూ "పోనీయండి మాస్టారూ" అన్నాడు. ఆ నవ్వు ఆపుకోవడం కూడా విన్నాను.

ఆ రికార్డు పెట్టింది స్వప్న వాళ్ళు కాదు. పెట్టిన నంబరు వేరే. ఆ రోజే చూశాను. అంటే తెలియక చేశానని చెప్పడానికి నాకు ఆ దారి కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ క్లాసులోకి ఎవరైనా రావాలంటే నేను రానివ్వాలి. తెర కింద చిన్న పెట్టె వస్తుంది, ఫలానా వాళ్ళు లోపలికి రావాలని అడుగుతున్నారని. నేను వేలు పెడితే వస్తారు. వద్దని నొక్కితే, వద్దన్నారని వాళ్ళకి తెలుస్తుంది. ఏదీ నొక్కకుండా ఉంటే ఏమీ తెలియదు. అవతల తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

మర్నాడు తొమ్మిదింటికి అందర్నీ ఒక్కొక్కరుగా రానిచ్చాను. భాస్కర్ సెంట్రింగ్ అని వచ్చింది. వేలు పైకెత్తి, పక్కకి తీశాను. కాసేపటికి పెట్టె పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. ఆ గంటలో తొమ్మిదిసార్లు వచ్చింది.

ఒక్కరోజు అనుకున్నాను. తల్లికి తెలిసిరావాలని. కానీ తెలిసిరావడానికి వాళ్ళకి అసలు ఏం జరుగుతోందో తెలియాలి కదా? తెలియకుండా వేసే శిక్ష ఎవరికి? ఆ ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు క్లాసులో ఒక పిల్ల రాసింది, "సార్ స్వప్న బయటనే ఉన్నదంట, రానియ్యండి సార్" అని. "చూస్తున్నానమ్మా" అన్నాను. చూస్తూనే ఉన్నాను మరి. వారం గడిచాక ఆపడం కష్టమయింది. రానిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో తేలుతుంది. రానివ్వకపోతే ఏమీ తేలదు. చెడ్డపని మొదలుపెట్టడానికి కోపం కావాల్సి వచ్చింది. కొనసాగించడానికి ఏమీ అక్కర్లేకపోయింది. పొద్దున్నే కాఫీ తాగి, డబ్బాలు సర్ది, ఫోను నిలబెట్టి, ఆ పేరుని వదిలేసి మిగతావాళ్ళని పిలవడం, అంతే. హాజరులో స్వప్న ఎదురుగా 'ఆబ్సెంట్' రాసేవాణ్ణి. నా చేతి రాత బాగుంటుంది.

దసరా ముందు, పిల్లలు రాసిన వర్క్‌షీట్లు ఇవ్వడానికి తల్లిదండ్రుల్ని స్కూలుకి పిలిపించారు. ఆమె వచ్చింది. పిల్ల రాలేదు. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను, పక్కన సైన్స్ మాస్టారు. ఆమె మాస్కు కిందికి లాక్కుని, బల్లకి కొంచెం దూరంగా నిలబడింది.

"సారూ, మా స్వప్న మీ క్లాసుల కలుస్తలేదు. దినాం ఒత్తుతనే ఉంటది. గిర్రున తిరుగుతనే ఉంటది."

"నెట్ సమస్య అమ్మా," అన్నాను.

"సైన్స్ సారు క్లాసుల మంచిగనే కలుస్తది కదా? మీ క్లాసుకే ఏమైతదో సమజైతలేదు."

సైన్స్ మాస్టారు కాగితాల మీంచి తలెత్తాడు. అక్కడ దొరికిపోయి ఉంటే ఎంత బాగుండేది. కానీ నేను మాస్టార్ని. నా నోట జవాబు సిద్ధంగా ఉంటుంది.

"పొద్దున తొమ్మిదింటికి అందరూ ఒకేసారి ఎక్కుతారమ్మా, నెట్ మీద లోడు పడుతుంది. పైగా నేను లెక్కలు కాగితం మీద చేసి చూపిస్తాను, దానికి సిగ్నల్ ఎక్కువ కావాలి. మీ ఫోను పాతది. సిగ్నల్ బాగా ఉన్నచోట కూర్చోబెట్టి చూడండి."

"చెరువు కట్ట దాక పోయి కూసుంటున్నది సారూ పిల్ల. ఎండకు తల మీద చున్నీ కప్పుకోని. ఆడ గూడ గట్లనే." చేతిలో కాగితాలు సర్దుకుంది. "మా ఆడిబిడ్డది అబ్దుల్లాపూర్‌మెట్. హైవే పక్కనే ఇల్లు. ఆడ నెట్ మస్తుగొస్తదంటరు. ఆడికి పంపాల్నా?"

"పంపి చూడండి," అన్నాను.

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది. వెళ్ళబోయి ఆగింది.

"సారూ, గా దినం నోరు జారిన. నవ్వులాటకు అన్న. పిల్ల ఇంటికాడ నన్ను మస్తు తిట్టింది, మా సారును గట్లంటవా అని. మనసుల పెట్టుకోకు."

"ఏ రోజమ్మా?" అన్నాను. "నాకు గుర్తే లేదు."

ఆమె మొహం తేటపడింది. "మంచిది సారూ" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఎందుకో తెలుసా? పెద్ద మనసున్న మాస్టారు దొరికాడని. ఆమె అటు వెళ్ళగానే సైన్స్ మాస్టారు ఇటు తిరిగి, "ఏమిటి మాస్టారూ, ఆ మూకీ సినిమా సంగతేనా?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

పిల్లని పంపేశారు. నా మాట మీద. ఆ తర్వాతి సోమవారం తొమ్మిదింటికి ఫోను ముందు కూర్చున్నాను. ఇవాళ రానిద్దాం అనే అనుకున్నాను, ప్రమాణం చేసి చెప్పగలను. పెట్టె వచ్చింది. భాస్కర్ సెంట్రింగ్. వేలు దాని మీదకి వెళ్ళింది. సైన్స్ మాస్టారి నవ్వు వినపడింది. వేలు వెనక్కి వచ్చింది. ఒక్కటే నిమిషం. ఆ తర్వాత ఆ గంటంతా ఆ పేరు వస్తూ పోతూ ఉంది, నేను త్రిభుజాలు చెప్పాను.

మేనత్త ఇంట్లో పిల్ల ఏం చేసేదో తర్వాత తెలిసింది. ఖాళీగా కూర్చున్న ఆడపిల్లని ఎవరింట్లోనైనా ఎంతసేపు కూర్చోనిస్తారు? ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళని చూసుకోవడం, గిన్నెలు, వంట. తొమ్మిదింటికి మాత్రం ఫోను పట్టుకుని గోడ పక్కన కూర్చునేదట. సంక్రాంతి దాకా అక్కడే ఉంది.

ఫిబ్రవరిలో బళ్ళు కొన్నాళ్ళు తెరిచారు. స్వప్న వచ్చి రెండో బెంచీలో కూర్చుంది. ఒకప్పుడు నేను లెక్క బోర్డు మీద రాసే లోపలే జవాబు చెప్పే పిల్ల. ఇప్పుడు నోట్సులో ఏదో రాసుకుంటూ తల వంచుకునే ఉంది. అప్పుడు నాకు చాలా రోజుల తర్వాత కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళలో నా మీద అనుమానం లేదు. సిగ్గు ఉంది, తనేదో వెనకపడిపోయిందని.

స్కూలు పరీక్ష పెట్టాం, ఇరవై మార్కులకి. సగం మంది ఇంట్లో పుస్తకం చూసి రాసిన అలవాటుతో పక్కవాడిది చూసి రాశారు. ఒకే తప్పు ఆరు పేపర్లలో వచ్చింది. అయినా అందరికీ ఇరవై వేశాను. మిగతా మాస్టార్లూ అంతే, పిల్లలు కష్టకాలంలో ఉన్నారని. స్వప్న ఎవరిదీ చూడలేదు. తెలిసింది రాసింది, తెలియనిది వదిలేసింది. పదకొండు వేశాను. ఆ ఏడాది నేను న్యాయంగా దిద్దిన పేపరు అదొక్కటే. పేపరిచ్చేటప్పుడు "చదవాలమ్మా" అని కూడా అన్నాను. "ఫైనల్ల చూసుకుంట సార్" అంది.

ఫైనల్ లేదు. పరీక్షలు రద్దు చేశారు. స్కూల్లో వేసిన మార్కులనే అయిదింతలు చేసి గ్రేడు ఇస్తారని చెప్పారు. అదేనండీ, నేను ఉద్దేశించి చేసింది కాదు అని ఇక్కడ అనొచ్చు. అనను. ఎందుకంటే ప్రిన్సిపాల్ అందరికీ ఫోన్లు చేశాడు. "మార్కులు ఇంకోసారి చూసుకోండి మాస్టారూ, మార్చేదేమైనా ఉంటే సాయంత్రం లోపల చెప్పండి" అన్నాడు. పొద్దున పదింటికి చేశాడు. సాయంత్రం దాకా టైముంది. పదకొండుని ఇరవై చెయ్యడానికి ఒక్క మాట చాలు. కానీ ఎందుకు అని అడిగితే? ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని రిజిస్టరు తీస్తే? ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాను. న్యూస్ పేపరు చదివాను. మునిసిపాలిటీకి మా వీధి మురికికాలువ గురించి ఒక అర్జీ రాసి పెట్టుకున్నాను. అయిదున్నరకి మళ్ళీ ఫోన్ చేశాడు. "మార్చేదేమీ లేదు సార్" అన్నాను.

ఆ పిల్లకి ఒక ఆశ ఉండేది. పదో తరగతి గ్రేడు చూసి సీటిచ్చే హాస్టల్ కాలేజీ ఒకటుంది, అక్కడ ఎంపీసీ చదివి ఇంజనీరింగుకి వెళ్ళాలని. తొమ్మిదో తరగతిలో నాకే చెప్పింది. మిగతా అన్నింటిలో పదికి పది. లెక్కల్లో గ్రేడు తగ్గి సీటు రాలేదు. ఎంపీసీకి లెక్కలే కదా చూస్తారు. ఊళ్ళోనే వేరే గ్రూపులో చేరిందని విన్నాను. తర్వాత వినడానికి ప్రయత్నించలేదు.

కిందటి నెల సాగర్ రోడ్డు మీద కనపడింది. పొద్దున ఏడున్నర. కంపెనీ బస్సు కోసం ఆడపిల్లలు నిలబడి ఉన్నారు, మెళ్ళో గుర్తింపు కార్డులు. నేను కూరలు తీసుకుని వస్తున్నాను.

"సార్! నమస్తే సార్."

గుర్తుపట్టలేదు మొదట. పెద్దదయింది. ఆదిభట్ల క్యాంటీన్లో బిల్లింగు చూస్తుందట. వాళ్ళమ్మ పని మానేసిందట, మోకాళ్ళ నొప్పులు. పక్కనున్న పిల్లకి నన్ను చూపించింది.

"మా లెక్కల సారు. మస్తు చెప్తుండె. నాకే అందలే. కరోనల మా ఇంట్ల సిగ్నల్ లేకుండె గని."

"అవ్, అందరి కథ గదే," అంది ఆ పిల్ల.

బస్సు రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. అది చాలా పెద్ద టైము. నేను "అమ్మని అడిగానని చెప్పు" అన్నాను. ఆమె ఎక్కింది. కిటికీలోంచి చెయ్యూపింది. నేను ఇంటికి వచ్చి కూరలు ఫ్రిజ్‌లో సర్దాను. ఏడుపు వస్తుందేమో అని కూర్చుని చూశాను. రాలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా సగమే అవుతుంది. ఆమె మీద, ఆ తల్లి మీద, నాకు కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇది రాస్తూ ఆమె మాటలు రాయాల్సి వచ్చినప్పుడు చెవులు వేడెక్కాయి. ఆమె నన్ను ఒక్క నిమిషం నవ్వులపాలు చేసింది, మళ్ళీ నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడి తప్పయిందంది. నేను ఆమె కూతురి చేత నాలుగు నెలలు తలుపు కొట్టించాను, తప్పయిందని ఒక్కమాట అనలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. లెక్కల మాస్టార్ని. ఏది పెద్దదో నాకు తెలియదా? తెలుసు. తెలిసినా ఆ కోపం అలాగే ఉంది. మనిషినెలా బాగుచేస్తారో నాకు తెలియదు.

మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి మీకేం సంబంధం? వెళ్ళి ఆ పిల్లకే చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాలి. చెబితే ఆమెకి పోయిన సీటు రాదు, ఇంతకాలం తనదనుకున్న తప్పు మాత్రం పోతుంది. అంత మాత్రం కోసమైనా చెప్పాలని తెలుసు. వెళతానని మాత్రం ఇక్కడ మాటివ్వను. నా మాట మీద ఒకసారి ఆ పిల్లని అబ్దుల్లాపూర్‌మెట్ పంపారు.

కానీ ఆ బస్సు దగ్గర నోట్లోనే ఉండిపోయిన వాక్యం ఒకటుంది. దాన్ని ఇంతవరకు పైకి అనలేదు, కాగితం మీద కూడా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. స్వప్నా, మీ ఇంట్లో నెట్ బాగానే ఉంది. నేనే నిన్ను రానివ్వలేదు.

రాశాను. చెయ్యి కొంచెం నొప్పెడుతోంది.